నా నత్తి నాకిచ్చెయ్యండి

ల్యాబ్ వెనక గది

ఒసేయ్ మైకూ,

ముందు కూర్చో. నిలబడి చదివితే పడిపోతావు. ఇవాళ బస్సు పాసుల కౌంటర్ దగ్గర నా పేరు నేనే చెప్పాను!

అద్దం వెనక మనిషి "పేరేంటమ్మా?" అన్నాడు. ఎప్పటిలాగే సంచిలోంచి పేరు రాసిన చీటీ తియ్యబోయి, ఆగి, చెప్పేశాను. ఒక్క తడబాటు లేదు. అతను తల కూడా ఎత్తలేదు. రాసుకుని "తర్వాత ఎవరు?" అన్నాడు. తన ఎదురుగా ఎంత ఘనకార్యం జరిగిందో పాపం ఆ మనిషికేం తెలుసు! బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆనందంతోనేలే, కంగారుపడకు.

నా నత్తితో నేనొక్కదాన్నే కాదు, నా బదులు వాగి వాగి 'మైకు' అని పేరు తెచ్చుకున్న నువ్వూ పడ్డావు కదా. మిగతా మాటలు ఎలాగోలా ఈడ్చుకొస్తాను గానీ, పేరు దగ్గర మాత్రం గొంతుకి తాళం పడిపోతుంది. "ఏం, పేరు మర్చిపోయావా?" అని నవ్వని మనిషి లేడు. రక్తం చుక్కలు నన్నేమీ అడగవు కాబట్టి ఈ మైక్రోస్కోపు ముందు ఇన్నేళ్ళు హాయిగా బతికాను. లోకమంతా ఫోన్లలో గంటలు గంటలు మాట్లాడుకుంటుంటే మనిద్దరం ఇంకా తపాలా పెట్టె చుట్టూ తిరుగుతున్నదీ అందుకే. కాగితం మీద నాకు నత్తి లేదు.

ఇదంతా 'గొంతుక' చలవ. అదొక సంఘం. భయం లేకుండా మాట్లాడటం నేర్పుతారు. ఫర్నిచర్ దుకాణం పైన హాలు, నేల మీద చాపలు, గుండ్రంగా కూర్చుంటాం. నడిపించే ఆయన్ని అందరూ పెద్దన్న అంటారు. ఆయన ఒక వాక్యం చెబితే అందరం ఒక్క గొంతుతో పలకాలి. "నేనున్నాను. నాకు గొంతుంది. ఇక దాక్కోను." మొదటిరోజు పెదాలు కదిపితే చాల్లే అనుకుని మొదలుపెట్టాను. నమ్ముతావా, నా నోట్లోంచి మాట నీళ్ళలా వచ్చింది! పెద్దన్న నా తల మీద చెయ్యిపెట్టి "ఈ గొంతు నీకు ఇవాళే ఇచ్చాం తల్లీ, పారేసుకోకు" అన్నాడు. కౌంటర్ దగ్గర కూడా వాళ్ళంతా నాతోపాటే పలుకుతున్నట్టు అనుకుని చెప్పేశాను.

ఇన్నాళ్ళూ ఎక్కడున్నారే వీళ్ళు?

నీ అక్క

* * *

డ్రైవింగ్ స్కూలు కారు, స్టీరింగ్ మీద కాగితం పెట్టుకుని

అక్కా అక్కా అక్కా!

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నీ ఉత్తరం విప్పి ఒక్క కేక పెట్టాను. పక్కన నా దగ్గర కారు నేర్చుకుంటున్న బామ్మగారు హడలిపోయి బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కేసింది. ఒక చెత్తకుండీ పోయింది. పోతే పోయింది, మా అక్క పేరు చెప్పిందండీ అని ఆ వీధిలో అందరికీ చెప్పాను. వాళ్ళకేం అర్థం కాలేదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

సరే, ఇప్పుడు చెప్పు. ఎవరీ పెద్దన్న? అంతకుముందు ఏం చేసేవాడు? మనకి అన్నలు లేరు కదా, అమ్మ ఎక్కడైనా దాచిపెట్టిందా? అందరూ ఆయన్ని అన్న అంటే ఆయన నిన్ను తల్లీ అనడమేంటి, వరసలు అటూ ఇటూ అయినట్టున్నాయి. ఇంకోటి. గొంతు నీకు 'ఇచ్చాం' అన్నాడా? ఇవ్వడానికీ తీసుకోవడానికీ అదేమన్నా గొడుగా?

నువ్వు సంతోషంగా ఉన్నావు కాబట్టి ఊరుకుంటున్నాను. మిగతా ప్రశ్నలు తర్వాత. ఒక్క కోరిక. ఫోన్ చెయ్యి. ఎక్కువేం వద్దు, 'ఒసేయ్' అను చాలు. నీ చేతిరాతలో లక్ష ఒసేయ్‌లు చదివాను. నోటితో ఒక్కటి వినిపించు.

నీ మైకు

* * *

గొంతుక నిలయం, మేడ మీద గది

మైకూ,

ఫోన్ సంగతి నువ్వూ విన్నావు. 'ఒ' దగ్గరే పట్టుకుంది. నేను లాగుతున్నాను, లాగుతున్నాను. నువ్వేమో "ఒసేయా? ఒసేయేనా అక్కా? చెప్పు, చెప్పు" అని నువ్వే అనేశావు. పెట్టేశాను. ఆ రోజంతా ల్యాబ్‌లో కూడా మాట పెగల్లేదు.

పెద్దన్నతో చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎవరితో మాట్లాడితే గొంతు పోయిందో, దాన్ని పట్టుకెళ్ళింది వాళ్ళే" అన్నాడు.

ఇక్కడ సాయంత్రాలు 'కుర్చీ' ఉంటుంది. ఒకరు మధ్యలో కూర్చుని లోపల దాచుకున్నవన్నీ చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్ళు దానికి అర్థం చెబుతారు. నా వంతు వచ్చినప్పుడు మన చిన్నప్పటివి చెప్పాను. కొట్లో సబ్బు అడగాలన్నా నువ్వే. ఇంటికొచ్చినవాళ్ళు నన్ను ఏ క్లాసు అంటే జవాబు నువ్వే. డాక్టరు దగ్గర నా కడుపునొప్పి ఎక్కడుందో కూడా నువ్వే చెప్పేదానివి. అంతా విని అందరూ ఒకే మాట అన్నారు, నీ చెల్లెలు నీ గొంతు తినేసిందని. నేను కాదన్నాను. కాదనేటప్పుడు నత్తి వచ్చింది. పెద్దన్న నవ్వి "చూశావా, అబద్ధం దగ్గరే గొంతు పట్టుకుంటుంది" అన్నాడు. ఆ మాటకి జవాబు వెతుకుతూనే ఉన్నాను. నీ దగ్గర ఉందా?

అద్దె గది ఖాళీ చేసి ఇక్కడికే వచ్చేశాను. ప్రతివాళ్ళకీ ఒక తోడు ఉంటుంది. నా తోడు మంచి పిల్ల. నాతోనే లేస్తుంది, నాతోనే తింటుంది, ల్యాబ్ గేటు దాకా వచ్చి దిగబెట్టి సాయంత్రం మళ్ళీ గేటు దగ్గరే నిలబడుతుంది. నన్ను ఇంత జాగ్రత్తగా ఇప్పటిదాకా ఎవరూ చూసుకోలేదు.

కొన్నాళ్ళు నన్ను వదిలెయ్యి. ఊపిరి పీల్చుకోనీ.

అక్క

* * *

మా ఇల్లు, వంటింటి బల్ల

అక్కా,

నీ గొంతు తినేశానా? ఏం నంజుకుని తిన్నానట?

అవును, మాట్లాడాను. సబ్బు అడిగాను, నీ క్లాసు చెప్పాను, నీ కడుపునొప్పి చెప్పాను. ఆ కొట్టువాడు "న న న నత్తి పిల్ల" అని పాట పాడితే వాడి తూకం రాళ్ళు తీసుకెళ్ళి కాలవలో పారేసింది ఎవరో, ఇంటికొచ్చాక దెబ్బలు తిన్నది ఎవరో కుర్చీలో చెప్పావా? లేక ఆ ముక్క వాళ్ళకి పనికిరాదా? ఫోన్‌లో నీ మాట అందించడం తప్పే, నా నోటికి తొందర. దానికి తిట్టు, పడతాను. అంతేగానీ దొంగని అంటే పడను. క్షమాపణ అసలు చెప్పను.

నత్తి వస్తే అబద్ధం, రాకపోతే నిజమా? అలాగైతే గడగడా మాట్లాడేవాళ్ళంతా సత్యసంధులే! నా దగ్గరికి కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు "మందు ముట్టను మేడమ్" అని ఎంత చక్కగా, ఎంత గడగడా చెబుతారో. పక్క సీట్లో కూర్చుంటే తెలుస్తుంది వాసన.

ఒక మనిషి నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీ రహస్యాలన్నీ చెప్పించుకుంటున్నాడు. మరి ఆయన ఎప్పుడైనా ఆ కుర్చీలో కూర్చున్నాడా? ఇది ఒక్కటి అడుగు. అడగలేకపోతే ఎందుకు అడగలేకపోతున్నావో నాకు రాయి. నీ తోడుకి నా నమస్కారాలు చెప్పు. గేటు దగ్గర మనిషిని దిగబెట్టి మళ్ళీ పట్టుకెళ్ళేదాన్ని మా ఊళ్ళో తోడు అనరు, కాపలా అంటారు.

మైకు

* * *

గొంతుక నిలయం

మీకు,

మీ ఉత్తరం అందింది. దాన్ని మేమందరం వలయంలో కూర్చుని చదివాం. అందులో కోపం ఉంది, కోపం వెనక భయం ఉంది. మిమ్మల్ని చూసి మాకు జాలి కలిగింది.

నేను ఇప్పుడు కొత్త కుటుంబంలో ఉన్నాను. ఇక్కడ నాకు నత్తి లేదు. త్వరలో జరిగే వార్షిక సభలో నేను సాక్ష్యం చెబుతాను. ఆ తర్వాత ల్యాబ్ ఉద్యోగం వదిలి పూర్తిగా నిలయంలోనే ఉంటాను. పాత బంధాలు గొంతుకి ఉచ్చుల వంటివి గనక వాటిని వదిలేస్తున్నాను.

దయచేసి ఇకమీదట ఉత్తరాలు రాయవద్దు. మీకు మంచి జరగాలి.

ఒక గొంతుక

* * *

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు

అక్కా,

'మీకు' అట! నాకు జడ వేసి, నాకు పేలు చూసి, నా వీపు మీద గుద్దిన మనిషి నన్ను 'మీరు' అంటోంది! ఆ ఉత్తరంలో చేతిరాత నీది. మనిషివి నువ్వు కాదు. అందుకే దీన్ని నిలయానికి పంపట్లేదు, ల్యాబ్‌కి పంపుతున్నాను. నీ కాపలా గేటు దగ్గరే ఆగిపోతుందని నువ్వే రాశావుగా.

నేను వచ్చాను. నీకు చెప్పి ఉండరు. నిలయం గేటు దగ్గర ఇద్దరు చిరునవ్వులు అతికించుకుని నిలబడ్డారు. "అక్కగారు మౌనంలో ఉన్నారు" అన్నారు. మాట్లాడటం నేర్పే చోట మౌనమేంటయ్యా అని అరిచాను. చిరునవ్వులు చెక్కుచెదరలేదు. గోడ పక్కన నిలబడి మీ పొద్దుటి పలుకు విన్నాను. అంతమంది గొంతుల్లో నీది ఏదో నేను పోల్చుకోలేకపోయాను. పక్క గదిలో నువ్వు దగ్గితే గుర్తుపట్టేదాన్ని! భయమేసిందక్కా. కారులో కూర్చుని చాలాసేపు తాళం కూడా తిప్పలేకపోయాను.

ఇక అసలు సంగతి. నా దగ్గర నేర్చుకునే ఒకావిడ స్పీచ్ థెరపిస్టు. మాటలో ఇబ్బందులున్నవాళ్ళకి సాయం చెయ్యడం ఆవిడ పని. రివర్సు గేరు అంటే మాత్రం గడగడ వణుకుతుంది. నిన్న ఆవిడకి రివర్సు నేర్పుతూ నీ పెద్దన్నని తిట్టిపోస్తున్నాను. కలిసి పలికితే మా అక్కకి నత్తి పోయిందట, అదేదో ఆయన మహిమట అన్నాను. ఆవిడ టక్కున బ్రేకు వేసింది. "అందులో ఎవరి మహిమా లేదండీ. పదిమందితో కలిసి చదివితే నత్తి ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ మాట పట్టుకోదు. పాట పాడినా అంతే. ఒంటరిగా మాట్లాడితే మళ్ళీ వస్తుంది. అది అబద్ధానికి గుర్తూ కాదు, పాపానికి గుర్తూ కాదు, నత్తి అంతే" అంది.

నా మాట నమ్మొద్దు. ఆవిడ మాటా నమ్మొద్దు. నువ్వు ల్యాబ్ మనిషివి. కొత్త మిషను వస్తే, ఫలితం ముందే తెలిసిన చుక్క ఒకటి దాంట్లో పెట్టి సరిచూసుకోందే ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టవు. పెద్ద డాక్టరు వచ్చి కేకలేసినా పెట్టలేదని నువ్వే గొప్పగా రాశావు. మరి పెద్దన్న రిపోర్టు మీద అలా ఎలా పెట్టేశావు? ఆయన లేని చోట, ఆయనవి కాని మాటలు, ఎవరో ఒకరితో కలిసి చదువు. ఏం వస్తుందో చూడు. చూశాక కూడా నేను 'మీకు'నే అయితే, సరే, నోరు మూసుకుంటాను.

నీ చెల్లెలు

* * *

ల్యాబ్ వెనక గది

ఒసేయ్ మైకూ,

చూశాను.

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చి చించబోయాను. కానీ ఆ చివరి ముక్క చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ల్యాబ్ ఊడ్చే ఆవిణ్ణి మేమంతా పిన్ని అంటాం. ఆవిణ్ణి పిలిచి, మంటలార్పే సిలిండర్ పక్కన గోడకి అంటించిన కాగితం చూపించి, నాతో కలిసి చదవమని రాసిచ్చాను. "ముందుగా పిన్ను లాగవలెను. గొట్టమును మంట మొదలు వైపు తిప్పవలెను." పిన్ని నన్ను ఎగాదిగా చూసి సరే అంది. ఇద్దరం కలిసి చదివాం. నీళ్ళలా వచ్చిందే! 'నేనున్నాను, నాకు గొంతుంది' ఎలా వచ్చిందో అచ్చం అలాగే.

పిన్నిని ఊరుకోమని ఒక్కదాన్నే చదివాను. 'ము' దగ్గర ఆగిపోయాను. పెద్దన్న వాక్యం ఒక్కదాన్నే పలికి చూశాను. అదీ పట్టుకుంది. దాన్నే పిన్నితో కలిసి పలికాను. వచ్చేసింది. ముందూ వెనకా మార్చి, తిప్పి తిప్పి చూశాను. ఒకటే ఫలితం. చివరికి పిన్ని "ఇంతకీ మంటలెక్కడమ్మా?" అంది.

పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. నాకు గొంతిచ్చింది పెద్దన్న అయితే, మంటలార్పే సిలిండర్ కూడా ఇచ్చినట్టే. దాన్ని కూడా పెద్దన్న అనాలా? ఎవరికైనా జరిగేదాన్ని తన వరం అని చెప్పాడు. వరం పోతుందని భయపెట్టి గది ఖాళీ చేయించాడు. నీకు రాసిన ఆ 'మీకు' ఉత్తరం వలయంలో అందరూ తలో వాక్యం చెబితే రాశాను. నా చెయ్యి ఎలా ఆడిందో నాకే తెలీదు.

అందులో నీకు చెప్పనిది ఒకటుంది. సభలో నా సాక్ష్యం చివరి వాక్యం 'నాకు చెల్లెలు లేదు'. రోజూ అందరం కలిసి పలుకుతున్నాం. ఒక్కసారీ నత్తి రాలేదు. అందుకని అది నిజమట.

ఇటు నుంచి ఇటే బస్సెక్కి నీ దగ్గరికి వచ్చెయ్యొచ్చు. రాను. నేను పారిపోతే, గొంతు పోయిన పిరికిది అని నా కథ నేను లేనిచోట వాళ్ళే చెబుతారు. నా పక్క చాప మీద ఒక తపాలా గుమాస్తా కూర్చుంటాడు. నాకంటే ఎక్కువ నత్తి. తన మాట అబద్ధమని నమ్మి ఈమధ్య ఇంట్లో భార్యతో కూడా మాట్లాడటం మానేశాడు. ఆ మనిషి ముందు చెప్పాలి.

భయంగా ఉందా అంటే, చచ్చేంత. వాళ్ళ మాట చెబితే గొంతు సాఫీగా వస్తుంది. నా మాట చెప్పాలంటే హాలు నిండా జనం ముందు నత్తి. పైగా కుర్చీలో నీ గురించి చెప్పినవన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. నువ్వు వింటే బాధపడేవి ఉన్నాయి.

నువ్వు రా. కానీ లోపలికి రావద్దు. వస్తే నా బదులు నువ్వే మాట్లాడేస్తావు.

నీ అక్క

* * *

మా ఇల్లు, గుమ్మం మెట్టు మీద

అక్కా,

లోపలికి రావద్దా? వాళ్ళని చూస్తే నాకు చేతులు దురద పెడుతున్నాయి. ఆ పెద్దన్నకి నా నోటి రుచి చూపించాలని రాత్రింబవళ్ళు మాటలు నూరుకుంటున్నాను. అన్నీ మింగమంటావా?

సరే, మింగుతాను. కారు హాలు ఎదురుగా ఆపుకుని కూర్చుంటాను. అందరూ ఎంత అరిచినా కదలను. నువ్వు నా గురించి కుర్చీలో ఏం చెప్పావో నాకు అనవసరం. నేను నీ గురించి పక్కింటివాళ్ళకి చెప్పినవి నువ్వు వింటే నాతో పదేళ్ళు మాట్లాడవు.

నువ్వు చెప్పలేకపోయినా పర్లేదు అని రాద్దామనుకున్నాను. రాయను. చెప్పు. ఎంతసేపు పట్టినా సరే, చెప్పు.

మైకు

* * *

మీ ఇంటి ముందు గది

మైకూ,

నువ్వు వంటింట్లో గిన్నెలన్నీ కడిగినవే మళ్ళీ కడుగుతున్నావు. అడగాలని ఉంది, అడగట్లేదు. దారంతా కూడా అడగలేదు. నోటితో చెప్పడానికి ఇంక ఒంట్లో ఓపిక లేదు. ఇవాళ్టి వాటా అంతా హాల్లోనే అయిపోయింది. రాసిస్తున్నాను, చదువు.

స్టేజీ మీద వెలుగు సూటిగా కళ్ళలో పడుతోంది. పెద్దన్న నా భుజం మీద చెయ్యి వేసి పరిచయం చేశాడు. మాట రాని మనిషిగా వచ్చిందని, ఇప్పుడు చూడండని. చప్పట్లు. నేను "నా" అన్నాను. అక్కడే బిగుసుకుంది. మెడలో నరాలు లేచాయి, తల దానంతట అదే ఊగుతోంది. ముందు వరసలో నా తోడు కళ్ళలో నీళ్ళు. వెంటనే హాలంతా నాకు సాయం చేసింది. ఒక్క గొంతుతో, మెల్లగా, ప్రేమగా, "నాకు చెల్లెలు లేదు" అంది. మళ్ళీ అంది. నేను పెదాలు కలిపితే చాలు. ఎంత తేలికో నీకు చెప్పలేను. ఏ మాత్రం కష్టం లేని మాట అది.

చెయ్యెత్తాను. "ఆ... ఆ... ఆగండి" అన్నాను. ఆగారు. అప్పుడు మొదలుపెట్టాను. 'నా' దగ్గర ఆగి, 'చె' దగ్గర ఆగి, చె చె చె అంటూ నిలబడి, వెనక ఎవరో నవ్వి, ఎవరో దగ్గి, అయినా వదల్లేదు. "నాకు చెల్లెలు ఉంది" అన్నాను. మొత్తం. నేనే.

పెద్దన్న ముఖంలో నవ్వు పోలేదు. "చూశారుగా, అబద్ధం దగ్గర గొంతు ఎలా పట్టుకుంటుందో. తల్లీ, కుర్చీలో నువ్వే కదా చెప్పావు, చెల్లెలికి పెళ్ళయి వెళ్ళిపోతే హమ్మయ్య అనుకున్నానని?" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆ క్షణానికే. ఏమైందో తెలీదు, ఒక్కసారిగా భయం పోయింది. "అ... అవును. అ... అన్నాను. ఇం... ఇంకా చాలా ఉన్నాయి. మే... మేం అక్కాచెల్లెళ్ళం" అన్నాను. ఈసారి జనం నవ్వింది నన్ను చూసి కాదు, ఆయన్ని చూసి.

ఆ తర్వాత పిన్ని సంగతి, సిలిండర్ సంగతి అంతా చెప్పాను. చాలాసేపు పట్టింది. ఆయన మధ్యలో నా చేతిలోని మైకు లాక్కున్నాడు. మైకు లేకుండా చెప్పాను. ఆయన సైగ చేస్తే ముందు వరసలు "నేనున్నాను, నాకు గొంతుంది" అని గట్టిగా పలకడం మొదలుపెట్టాయి, నా మాట వినబడకుండా. నాకు తిక్కరేగింది. "గొం... గొంతు మీరిచ్చారన్నారుగా. తీ... తీసేసుకోండి. నా న... నత్తి నాకిచ్చెయ్యండి" అని అరిచాను. జీవితంలో మొదటిసారి అరిచాను మైకూ. నత్తితో అరవొచ్చని నాకు తెలీదు.

స్టేజీ దిగి నడుస్తున్నాను. ఎవరూ దారి ఇవ్వట్లేదు. అప్పుడు మధ్యలో తపాలా గుమాస్తా లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. రాలేదు. పక్కవాళ్ళు చొక్కా పట్టి లాగుతున్నారు. నేను ఆగి, ఆయన వైపు తిరిగి నిలబడ్డాను. ఎంతసేపో. చివరికి వచ్చింది. "నా... నా... నాది కూడా" అన్నాడు.

ఆయన వెనక ఇంకెవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరైనా సరే, వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకోవాలి.

ఇప్పుడు వంటింట్లోకి వస్తున్నాను. నీతో ఒక మాట చెప్పాలి, అది కాగితం మీద రాయను. గిన్నెలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని కూర్చో. ఎంతసేపు పట్టినా కదలకు. మధ్యలో అందించావో, చంపేస్తాను.

నీ అక్క